పిల్లల మనసు, ఇంటి పరిస్థితులు, పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పిల్లలతోనూ వాళ్ల అమ్మానాన్నలతోనూ కూర్చుని మాట్లాడటం నా పని. పిల్లల మనసు మీద పరిశోధన చేసే సర్వేవాళ్లు ఇంటికొచ్చినప్పుడో, కాలేజీలో ఫారాలు పంచినప్పుడో జనం నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే ఉంటాయి. వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్ని రెండు ముక్కల్లో తేలిపోతాయి. కొన్ని తేలవు.

ఈ పరిశోధనల్లో అసలు ఏం వెతుకుతారు?

రెండు విషయాలు. డిప్రెషన్, విడవని ఆందోళన, మత్తు అలవాటు లాంటివి కొందరు పిల్లలకే ఎందుకు ఎక్కువగా వస్తున్నాయి అనేది ఒకటి. అవే కష్టాలు పడ్డవాళ్లలో కొందరు ఎలా నిలదొక్కుకుంటున్నారు అనేది రెండోది. చాలాకాలం డాక్టర్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. వాళ్ల దగ్గరికి వచ్చేది జబ్బు పడ్డవాళ్లే కాబట్టి. బాగున్నవాడు ఆస్పత్రి గుమ్మం తొక్కడు కదా! వాడి సంగతి తెలియాలంటే ఒక ఊళ్లో పుట్టిన పిల్లలందరినీ చిన్నప్పటినుంచీ ఏళ్ల తరబడి గమనిస్తూ పోవాలి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని అలాగే నడివయసు దాకా మళ్లీ మళ్లీ పిలిచి చూస్తూ వచ్చారు.

రిస్క్ ఉందంటే జబ్బు వచ్చేస్తుందనా?

కాదు. రిస్క్ అనేది వందమందిని కలిపి వేసే లెక్క. మీ ఒక్క బిడ్డ జాతకం అందులో ఉండదు.

బ్రిటన్‌లో మైకేల్ రటర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1960లలో వైట్ ద్వీపంలోనూ, ఆ తర్వాత లండన్‌లోనూ పిల్లల్ని పరిశీలించాడు. భార్యాభర్తల మధ్య తీవ్రమైన గొడవలు, పేదరికం, ఇరుకింట్లో ఎక్కువమంది ఉండటం, తండ్రి నేరాల్లో ఇరుక్కోవడం, తల్లికి మానసిక అనారోగ్యం, బిడ్డ సొంత ఇల్లు వదిలి వేరేచోట పెరగాల్సి రావడం, ఇలా ఆరు కష్టాలు తీసుకున్నాడు. వాటిలో ఏదో ఒకటే ఉన్న పిల్లలకూ, ఏదీ లేని పిల్లలకూ పెద్ద తేడా కనపడలేదు. రెండు కలిసేసరికి ఇబ్బంది వచ్చే అవకాశం సుమారు నాలుగు రెట్లయింది. నాలుగు కష్టాలున్న ఇళ్లలో ఇంకా బాగా పెరిగింది.

అంటే అన్నీ తీరితేనే బిడ్డ బాగుంటాడని లేదు, ఒక్కటి తగ్గినా మేలే. చేసిన అప్పు ఈ ఏడాది తీరకపోవచ్చు. తోతాపురి మామిడికి ఫ్యాక్టరీవాళ్లు ఏం రేటు కడతారో మన చేతిలో లేదు. రాత్రిపూట పిల్లల ముందు అరుచుకోకుండా ఉండటం మాత్రం చాలామందికి చేతిలో ఉన్న పనే.

కష్టాల్లో పెరిగి కూడా బాగున్న పిల్లల్లో ఏం కనిపించింది?

దీనికి అందరూ చెప్పేది హవాయిలోని కవాయి ద్వీపం సంగతి. ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని 40 ఏళ్లు వచ్చేదాకా వదలకుండా గమనించారు. చెరుకు తోటల్లో, అనాస తోటల్లో పనిచేసే కూలీల పిల్లలు వాళ్లలో చాలామంది. పేదరికం, పురిట్లో ఇబ్బంది, తాగే తండ్రి, జబ్బు పడ్డ తల్లి, ఇంట్లో రోజూ గొడవ. ఇలాంటివి నాలుగో అంతకంటే ఎక్కువో ఉన్న పిల్లలు 200 మంది దాకా తేలారు. వాళ్లలో మూడింట ఒక వంతు మంది, 72 మంది, చదువులోనూ పనిలోనూ సంసారంలోనూ ఏ లోటూ లేకుండా పెద్దవాళ్లయ్యారు.

ఆ 72 మందికి ఏముంది, మిగతావాళ్లకు ఏం లేదు అని చూస్తే కొంత పిల్లల స్వభావంలో ఉంది. చిన్నప్పుడే నలుగురితో ఇట్టే కలిసిపోయే పిల్లలు వాళ్లు. కానీ చాలా భాగం చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది. అమ్మానాన్నల వల్ల కానప్పుడు అవ్వో, పెద్దక్కో, ఒక టీచరో, పక్కింటామో ఆ బిడ్డను పట్టించుకున్నారు. ఇంకొకటి చాలామంది దాటేసి వెళ్లిపోతారు కానీ నాకు అది చాలా ముఖ్యం అనిపిస్తుంది: ఆ పిల్లల చేతిలో ఇంటికి అక్కరకొచ్చే పని ఏదో ఒకటి ఉండేది. తమ్ముణ్ని చూసుకోవడమో, వంటలో సాయమో. పాల డెయిరీకి పొద్దున్నే క్యాన్ తీసుకెళ్లే పిల్లాణ్ని చూసి పాపం అనుకుంటాం. పని వాడి ఒంటికి మించకుండా, చదువుకు అడ్డురాకుండా ఉంటే, 'నేను లేకపోతే ఇంట్లో జరగదు' అనే భావం వాడికి ఊతమే.

మిగిలిన మూడింట రెండు వంతుల మంది సంగతి కూడా చెప్పాలి. యవ్వనంలో దారితప్పినవాళ్లలో ఎక్కువమంది ముప్ఫై, నలభై ఏళ్లకల్లా తేరుకున్నారు. ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టడం, మంచి తోడు దొరకడం, సైన్యంలో చేరడం, ఒక సత్సంగంలో కలవడం లాంటివి వాళ్లను మలుపు తిప్పాయి. ఇంటర్ ఫెయిలైన పద్దెనిమిదేళ్లవాడి గురించి 'ఇక వీడి పని అయిపోయింది' అనేవాళ్లకు నేను ఈ లెక్కే చెబుతాను.

'మావాడికి గుండె ధైర్యం తక్కువ' అంటే మరి?

అనకండి. ముఖ్యంగా వాడి ముందు అనకండి. ధైర్యం ఒకరికి పుట్టుకతో వచ్చి ఇంకొకరికి రాని ఆస్తి అన్నట్టు మాట్లాడితే తప్పంతా పిల్లాడి మీదికి పోతుంది. వాడు ఇబ్బందిలో ఉన్నప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లగలడు, వెళ్తే వాళ్లేమంటారు అని ఆలోచించండి. ఈ మాట అనే తండ్రుల్లో చాలామందిని 'మీవాడు మీతో చివరిసారి చదువు గురించి కాకుండా ఎప్పుడు మాట్లాడాడు?' అని అడిగితే కాసేపు ఆలోచనలో పడతారు.

ఇంట్లో ఒకరికి మానసిక జబ్బు ఉంది. పిల్లలకూ వస్తుందా?

అవకాశం పెరుగుతుంది, ఖాయం కాదు. లేని మాటలు వినపడటం, లేని అనుమానాలు పట్టుకోవడం ఉండే స్కిజోఫ్రీనియా తీసుకుంటే, మామూలుగా నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో పదిమందికి ఒకరి దాకా వస్తుంది. అంటే తొమ్మిదిమందికి రాదు. ఈ తొమ్మిదిమంది సంగతి మన పెళ్లి సంబంధాల మాటల్లో ఎప్పుడూ వినపడదు.

ఫలానా ఒక్క జీన్ ఉంటే డిప్రెషన్ వస్తుంది అనడానికి లేదు. వందల కొద్దీ జీన్లు ఒక్కొక్కటీ పిసరంత ప్రభావం చూపుతాయి. అందుకే రక్తపరీక్ష చేసి 'మీ అమ్మాయికి వస్తుంది' అని చెప్పే టెస్ట్ ఏదీ లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని చేస్తామంటే నమ్మకండి. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థలో ఒకే కుటుంబంలో ఇద్దరికి, అంతకు మించి జబ్బు ఉన్న ఇళ్లను ఎంచుకుని, జబ్బు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి పరిశోధిస్తున్నారు. అలాంటి పరిశోధనల్లో జబ్బు రాని అన్న కూడా జబ్బు వచ్చిన తమ్ముడంత ముఖ్యమే.

మేనరికం వల్ల వస్తాయా?

మన వైపు మేనమామను, మేనబావను చేసుకోవడం ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్ల వల్ల కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బులు, బుద్ధిమాంద్యం, వినికిడి లోపం లాంటివి వచ్చే అవకాశం పెరుగుతుంది. అది గట్టిగా తేలిన విషయం. ఇంటర్ చదివే అమ్మాయికి దిగులు పట్టుకుంటే 'మేనరికం కదా' అని తేల్చేయడం మాత్రం ఆమెను ఏమైందని అడగకుండా తప్పించుకోవడమే.

అయితే తప్పు మా పెంపకానిదా?

ఒకప్పుడు డాక్టర్లే అలా అన్నారు. 1950, 60లలో అమెరికాలో ఆటిజం పిల్లల తల్లులకు ప్రేమ లేదని, అందుకే బిడ్డలు అలా అయ్యారని రాశారు. ఒక తరం తల్లులు ఆ నింద మోశారు. తర్వాతి పరిశోధనలో అది పూర్తిగా తప్పని తేలింది.

అయితే జబ్బు వచ్చాక ఇంట్లో మాటతీరు ఎలా ఉంది అనేది నిజంగానే లెక్కలోకి వస్తుంది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన మానసిక రోగుల్ని గమనిస్తే, రోజూ దెప్పిపొడిచే ఇళ్లకు, కోపం ప్రదర్శించే ఇళ్లకు వెళ్లినవాళ్లకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అదే కొలతతో చండీగఢ్‌లో చూస్తే అలా దెప్పే ఇళ్లు లండన్ కన్నా తక్కువ కనిపించాయి. మన చుట్టాల నోళ్లు తెలిసినవాళ్లకు ఇది కాస్త ఆశ్చర్యమే!

ఇంటివాళ్లను దూరం పెట్టకుండా దగ్గరికి తీసుకోవడం మనకు కొత్త కాదు. అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే రోగి వెంట కుటుంబాన్ని ఆస్పత్రి ఆవరణలో ఉండమన్నారు. చిత్తూరుకు గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీవాళ్ల బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఎన్నో ఏళ్లుగా ఇంటివాళ్లలో ఒకరు తోడుండే పద్ధతి నడుస్తోంది. మన జిల్లా జనం అక్కడికి చాలాకాలంగా వెళ్తున్నారు. తిరిగొచ్చి 'వేలూరుకు చెకప్‌కి పోయుంటిమి' అంటారు, ఏ చెకప్పో చెప్పరు.

ఇంట్లో నాయన తాగుతాడు. పిల్లల్ని ఎలా కాపాడుకోవాలి?

అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇది. ఎక్కువగా తల్లులు, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు అడుగుతారు.

తండ్రి తాగుడు పిల్లలకు పెద్ద రిస్కే. వాళ్లలో తర్వాత తాగుడు అలవాటు, ఆందోళన, చదువు ఆగిపోవడం ఎక్కువ. మన దగ్గర కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తారు. నేను దాన్ని తీసిపారేయను. నలుగురి ముందు, దేవుడి ముందు ఇచ్చిన మాటకు బలం ఉంటుంది. కొందరు నిజంగానే ఆపేశారు. కాకపోతే ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఉన్నపళంగా మానేస్తే రెండుమూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు. అది ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ప్రమాణానికి ముందో వెనకో డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి. ప్రమాణం తప్పితే ఇంకేం లేదనుకోవడం కూడా వద్దు. మానినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ మానడం ఈ జబ్బులో మామూలే.

ఆయన మానేదాకా పిల్లల సంగతేంటి? అమెరికాలో స్టీవెన్ వోలిన్, లిండా బెన్నెట్ అనే పరిశోధకులు 1980 ప్రాంతంలో తాగే తండ్రో తల్లో ఉన్న ఇళ్లను తీసుకుని ఒక చిత్రమైన విషయం అడిగారు. మీ ఇంట్లో రాత్రి భోజనం ఎలా జరిగేది? పండగలు ఎలా చేసుకునేవారు? చుట్టాలు వస్తే ఏం చేసేవారు? తాగుడు ముదిరిన రోజుల్లో అవి మారిపోయాయా? తాగుడు మొదలయ్యాక పండగలు, భోజనాలు చెల్లాచెదురైన ఇళ్లలో పిల్లలకు ఆ అలవాటు ఎక్కువగా అంటుకుంది. ఆయన ఎలా ఉన్నా సరే, పండగను పండగలాగే నిలబెట్టుకున్న ఇళ్లలో తక్కువ.

నేను మన ఇళ్లకు దీన్ని ఇలా చెబుతాను. నాయన రాలేదని తొమ్మిదింటిదాకా అన్నం పెట్టకుండా పిల్లల్ని వీధివైపు చూస్తూ కూర్చోబెట్టకండి. ఎనిమిదింటికి రోజూ తినేవాళ్లయితే ఎనిమిదింటికే సంగటి దించి, పప్పో పులుసో పోసి, పిల్లలతో కలిసి మీరూ తినండి. ఆయన వాటా మూతపెట్టి ఉంచండి. జాతరకు మేకపోతు కొనలేకపోతే కోడి చాలు, అవ్వగారింటికి వెళ్లడం మాత్రం మానకండి. ఆయన వచ్చి గొడవ చేస్తాడనే భయంతో ఇంటికి చుట్టాల్ని పిలవడం మానేసిన తల్లుల్ని నేను చాలామందిని చూశాను. అలా మానేసిన కొద్దీ పిల్లల చుట్టూ ఉన్న పెద్దవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతారు.

కొడుతున్నాడంటే మాత్రం ఇవేవీ సరిపోవు. మహిళా హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098. వెంటనే ప్రమాదం ఉంటే 112.

ఇంటర్‌కు హాస్టల్లో వేశాం. ఈ వయసులోనే ఎందుకిలా అవుతున్నారు?

హాస్టల్ ఒక్కటే కారణం కాదు, ఆ వయసే అలాంటిది. ప్రపంచవ్యాప్త లెక్కలన్నీ కలిపి 2022లో చేసిన పెద్ద సమీక్షలో, మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపు, దాదాపు సగం 18 ఏళ్లలోపు మొదలవుతాయని తేలింది. ఎక్కువమందికి మొదలయ్యే వయసు పద్నాలుగున్నర. సరిగ్గా ఆ వయసులోనే మనం పిల్లాణ్ని తొమ్మిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అనో, పది కాగానే నీట్ అనో ఇంటినుంచి, ఊరినుంచి, స్నేహితులనుంచి ఒకేసారి తెంపుతాం. నిద్ర ఆరు గంటలకు పడిపోతుంది. ప్రతి వారం ర్యాంకు గోడమీద కనపడుతుంది.

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు, పక్కనున్న తమిళనాడు ఉంది. అరవై మంది ఉన్న సెక్షన్లో నలుగురు అనుకోండి.

ఆ నలుగురూ 'నాకు డిప్రెషన్' అని చెప్పరు. దసరా సెలవులకు పలమనేరు బస్సు దిగిన కుర్రాడు కడుపునొప్పి అంటాడు. స్కానింగ్ తీయిస్తారు, ఏమీ ఉండదు. గ్యాస్ మాత్రలు ఇస్తారు, సెలవుల్లో తగ్గుతుంది. తిరిగి వెళ్లే రోజు పొద్దున బ్యాగు సర్దుతుంటే మళ్లీ మొదలు. 'నాటకాలు ఆడుతున్నాడు' అంటారు ఇంట్లో. నొప్పి నిజమే, నాటకం కాదు. రెండువారాలకు మించి నిద్ర, తిండి, కోపం, స్నేహాలు మారిపోయాయంటే, ఇష్టమైన క్రికెట్ కూడా వద్దంటున్నాడంటే సైకియాట్రిస్ట్‌కు ఒకసారి చూపించండి. ఫీజు కట్టేశాం అనేది వాణ్ని వెనక్కి పంపడానికి కారణం కాకూడదు.

ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవదా?

అవదు. న్యూయార్క్‌లో 2,300 మందికి పైగా హైస్కూల్ పిల్లల్లో సగం మందిని దీని గురించి నేరుగా అడిగి, సగం మందిని అడగకుండా చూశారు. 2005లో ఫలితం వచ్చింది. అడిగినందువల్ల ఎవరికీ అలాంటి ఆలోచనలు పెరగలేదు. అప్పటికే బాధలో ఉన్న పిల్లలకు అడగడం వల్ల కాస్త ఊరట కూడా కలిగింది. ఇంట్లోనైనా అంతే. 'చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా నాన్నా?' అని మెల్లగా అడగొచ్చు. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి. ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న పురుగుమందు తాళం వేసే చోటికి మార్చండి, అదే రోజు డాక్టర్‌ను కలవండి.

అమ్మ కువైట్‌లో ఉంది, అవ్వ దగ్గర పెరుగుతున్నారు. పిల్లలకు నష్టమా?

కొంత ఉంది. ఇలా తల్లో తండ్రో పనికోసం దూరం వెళ్లిన పిల్లల మీద జరిగిన 111 అధ్యయనాలను 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒకచోట చేర్చి చూస్తే, వాళ్లలో దిగులు, ఆందోళన మిగతా పిల్లల కన్నా ఎక్కువని తేలింది. వాటిలో ఎక్కువ భాగం చైనావి. అయితే కవాయి పిల్లల్ని నిలబెట్టినవాళ్లలో అవ్వలు కూడా ఉన్నారని పైన చెప్పుకున్నాం. బిడ్డ ఒకే మనిషి దగ్గర స్థిరంగా ఉన్నాడా, లేక ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు పిన్నమ్మ దగ్గర తిరుగుతున్నాడా అనేది చూడండి. వీడియో కాల్ అనుకున్న టైముకు వస్తే మంచిది. డబ్బు అందిందా, మార్కులు ఎన్ని అనే రెండు మాటలతోనే ఆ కాల్ అయిపోకూడదు.

అంతా ఫోన్ వల్లే కదా?

అందరూ ఈ జవాబే కోరుకుంటారు, సుళువు కాబట్టి. మూడున్నర లక్షల మంది పిల్లల వివరాలు తీసుకుని 2019లో లెక్కవేస్తే, పిల్లల మనసు బాగోగుల్లోని తేడాల్లో ఫోన్లు, తెరల వాడకానికి సంబంధం ఉన్నది అర శాతం కన్నా తక్కువే. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసి నిద్ర పాడుచేసుకుంటే నష్టమే, సందేహం లేదు. ఫోన్ లాక్కున్నంత మాత్రాన ఇల్లు చక్కబడదు.

ఏస్ స్కోరు ఆన్‌లైన్‌లో చూసుకున్నాను, ఆరు వచ్చింది. భయపడాలా?

వద్దు. బాల్యంలో పడిన దెబ్బలు, అవమానాలు, ఇంట్లో తాగుడు లాంటివాటిని లెక్కపెట్టే ఆ పద్ధతి 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు వేలమంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంతో వచ్చింది. స్కోరు పెరిగిన కొద్దీ గుంపు మొత్తంలో జబ్బులు పెరగడం నిజం. ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పడానికి దాన్ని వాడకూడదని ఆండానే తర్వాత రాశాడు. ఆరు వచ్చిందని ఒక రీల్ చూసి కుంగిపోవడం కన్నా ఆ ఆరింటిలో మిమ్మల్ని ఇప్పటికీ బాధపెడుతున్నది ఏదో ఒకరితో మాట్లాడండి.

మన వైపు ఇలాంటి పరిశోధన జరిగిందా?

జరిగింది. భారత్, బ్రిటన్ కలిసి నిమ్హాన్స్ ఆధ్వర్యంలో సీవేదా అనే పెద్ద అధ్యయనం చేశాయి. మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నిధులిచ్చాయి. 6 నుంచి 23 ఏళ్ల వయసున్న సుమారు 9,000 మంది పాల్గొన్నారు. బెంగళూరు, మైసూరు, చండీగఢ్, కోల్‌కతా, ఇంఫాల్‌తోపాటు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ కూడా అందులో ఒక కేంద్రం. నగరాల పిల్లల లెక్కలే అందరివీ అనుకోకుండా పల్లె పిల్లల్ని కూడా చేర్చారు. తిండి, ఇంటి పరిస్థితులు, చుట్టూ ఉన్న కాలుష్యం, మత్తు అలవాట్లు, మెదడు ఎదుగుదల అన్నిటినీ కలిపి చూడటం దాని ఉద్దేశం. విదేశీ పిల్లల మీద తేలినదంతా మన పిల్లలకు వర్తిస్తుందో లేదో ఇలాంటి అధ్యయనాల వల్లే తెలుస్తుంది.

ఇంటికొస్తే ఏం చేస్తారు?

ముందు కాగితం చదివి వినిపిస్తారు. తర్వాత ప్రశ్నలు. 'గత రెండు వారాల్లో ఏ పనిమీదా ఆసక్తి లేనట్టు అనిపించిందా? అసలు లేదా, కొన్ని రోజులా, సగం కన్నా ఎక్కువ రోజులా, దాదాపు రోజూనా?' ఇలా ఉంటాయి. పిల్లల్ని వేరుగా, పెద్దల్ని వేరుగా అడుగుతారు. కొన్ని అధ్యయనాల్లో ఉమ్మి, రక్తం, వెంట్రుకలు తీసుకుంటారు. కొన్నిటిలో ఎంఆర్‌ఐ ఉంటుంది. అందులో రేడియేషన్ లేదు, శబ్దం ఎక్కువ, కదలకుండా పడుకోవాలి. ఒంట్లో లోహపు ప్లేటు, కమ్మీ ఉంటే ముందే చెప్పాలి. ఆ స్కాన్ చూసి డిప్రెషన్ ఉందో లేదో చెప్పలేరు.

పల్లెల్లో అసలు చిక్కు వేరు. అరుగు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టగానే పక్కింటి ఆమె వచ్చి పక్కన కూర్చుంటుంది. 'మీ ఆయన తాగుతారా?' అంటే ఇంటావిడ ఆమె మొహం చూసి 'ఎప్పుడన్నా' అంటుంది. అనుభవం ఉన్నవాళ్లు అక్కడ కలం ఆపేసి 'అక్కా, మీ ఆవుల్ని చూద్దాం రండి' అని పెరట్లోకి తీసుకెళ్తారు. మీ ఇంటికొచ్చినవాళ్లు అలా చేయకపోతే మీరే చాటుకు పిలవండి, లేదా ఇంకో రోజు రమ్మనండి. అది మీ హక్కు.

బయటికి తెలిస్తే మా అమ్మాయికి సంబంధాలు వస్తాయా?

ఈ భయాన్ని నేను తక్కువ చేయను. మాట ఒక్కసారి ఊళ్లోకి వెళ్తే ఏం జరుగుతుందో మీకూ నాకూ తెలుసు. పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చిన చెయ్యిని అందరికీ చూపిస్తాం, మనసుకు వాడే మాత్రల్ని బియ్యం డబ్బాలో దాస్తాం.

సరైన పరిశోధనలో మీ జవాబుల మీద పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక విడిగా, కొద్దిమంది చేతిలోనే ఉంటుంది. అచ్చయ్యే వ్యాసంలో 'నూటికి ఇంతమంది' అనే ఉంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం చికిత్స వివరాలను కూడా గోప్యంగా ఉంచాలి. అడగాల్సినవి ఇవి: పట్టిక ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంచుతారు, విదేశాలకు పంపితే పేరు లేకుండా పంపుతారా, సర్వేకు వచ్చే అమ్మాయి మన ఊరిదేనా? చివరిది ముఖ్యం. మన ఊరివాళ్లయితే వేరే మనిషిని పంపమని అడగొచ్చు.

గోప్యతకు మినహాయింపులు ఉన్నాయి, అవి ముందే చెప్పాలి. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉందని తెలిస్తే మౌనంగా ఉండరు. బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

నేను సంతకం పెడితే చాలా? పిల్ల వద్దంటే?

చాలదు. 18 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లలు నోటితో, పన్నెండు దాటినవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కాగితం తెలుగులో ఉండాలి, మీ దగ్గర ఒక కాపీ ఉండాలి. పరిశోధన పద్ధతిగా జరుగుతోందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ వివరాలు అందులో ఉండాలి. మధ్యలో మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, దానివల్ల మీ వైద్యం ఆగకూడదు. 'క్లాసులో అందరూ చేయాల్సిందే' అని ఎవరైనా అంటే అది పద్ధతి కాదు.

మాకేం లాభం?

నేరుగా పెద్దగా ఏమీ లేదు. దారి ఖర్చులు, పోయిన కూలి ఇస్తారు. ఏదైనా సమస్య కనపడితే డాక్టర్ దగ్గరికి పంపే ఏర్పాటు ఉండాలి, అది ఉందో లేదో అడగండి.

బళ్లో ధ్యానం పెడితే సరిపోదా?

బ్రిటన్‌లో 80కి పైగా బళ్లలో, 8,000 మందికి పైగా పిల్లలతో ధ్యానం లాంటి మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు పెట్టి 2022లో ఫలితాలు చెప్పారు. మామూలు పాఠాల కన్నా అదనంగా మేలేమీ కనపడలేదు. చాలామంది పిల్లలు ఇంటికెళ్లి సాధన చేయనే లేదు. మన బీహార్‌లోని నలందా జిల్లాలో 74 హైస్కూళ్లలో జరిగిన ప్రయోగం నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. కొన్ని బళ్లలో శిక్షణ పొందిన మామూలు యువతీయువకుల్ని సలహాదారులుగా పెట్టారు, కొన్నిటిలో అదే పని టీచర్లకు అప్పజెప్పారు. 2018లో ఫలితం చూస్తే, సలహాదారులున్న బళ్లలో వాతావరణం మెరుగై, దిగులు, ఏడిపించడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్లు చేసిన చోట తేడా లేదు. టీచర్లు చెడ్డవాళ్లని కాదు. మార్కులేసే మనిషికి, బెత్తం పట్టే మనిషికి పిల్లలు మనసు విప్పరు. సిలబస్, యాప్‌లో హాజరు మధ్య ఇంకొక పని నెత్తినేస్తే టీచరు మాత్రం ఏం చేస్తుంది?

గాలి సోకిందని గుడికి తీసుకెళ్లాం. తప్పా?

తప్పు కాదు. మందులు ఆపకుండా వెళ్లండి. గొలుసులతో కట్టే చోట, కొట్టే చోట, తిండి మాన్పించే చోట మాత్రం వదలొద్దు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టి ఉన్నవాళ్లు పారిపోలేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు రోగిని గొలుసులతో కట్టడం చట్టం ప్రకారం నిషేధం.

మొదట ఎక్కడికి వెళ్లాలి?

తిరుపతిలో అయితే రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు బాగాయం దగ్గర, మదనపల్లె, కుప్పం వైపు వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. మొదటిసారి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ, నాటు మందులతో సహా, పట్టుకెళ్లండి. ఇంట్లో ఎక్కువసేపు పిల్లాడితో ఉండే మనిషి వెంట వెళ్లాలి. నాయన ఒక్కడే వెళ్తే 'నిద్ర ఎలా ఉంది?' అన్న ప్రశ్నకే జవాబు తెలియదు.

అర్ధరాత్రి ఎవరితో మాట్లాడాలి?

టెలీ మానస్, 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పాల్సిన పనిలేదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే చేయొచ్చు. ఆ నంబరు మీ ఫోన్లో కాకుండా వాళ్ల ఫోన్లో సేవ్ చేసి పెట్టండి.